యుద్ధనౌక మోడల్‌కి ఇత్తడి రెయిలింగులు రంగుకి ముందా, తర్వాతా?

నేనైతే డెక్‌కి, గోడలకి రంగులు వేశాకే అతికిస్తాను. ముందే పెడితే మాస్కింగ్ టేపు వేయడం మహా కష్టం.

మీ 1/700 స్కేల్లో (అసలు నౌకలో 700వ వంతు) మీటరు ఎత్తు రెయిలింగు 1.4 మిల్లీమీటర్లే. ఫోటో-ఎచ్ రేకులో (రసాయనంతో భాగాలు చెక్కిన పల్చటి ఇత్తడి రేకు) ఉండగానే వాటికి ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత), రంగు కొట్టేయండి. తర్వాత టైల్ ముక్క మీద పెట్టి కొత్త బ్లేడుతో కోయండి. మెత్తటి మ్యాట్ మీదైతే ఇత్తడి వంగిపోతుంది. ప్లాస్టిక్ సిమెంటు ఇత్తడిని పట్టదు, సూపర్ గ్లూ కావాలి. సూది మొనతో చుక్క చుక్కగా పెట్టండి. ఎక్కువైతే అడుగున ముద్ద కట్టి అందమంతా పోతుంది. అతికిన చోట సన్న కుంచెతో టచప్ చాలు.

మీది అమలాపురం అన్నారు కదా, కోనసీమ వానాకాలపు తేమలో లాకర్ (త్వరగా ఆరే ఒక రకం రంగు) స్ప్రే తెల్లగా పాలిపోతుంది. వాన తెరిపిచ్చి ఎండ కాసిన మధ్యాహ్నం కొట్టండి.