మా అమ్మాయి పిల్లల కోసం చరిత్ర కథలు రాస్తానంటోంది, బతకగలదా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ హెచ్‌ఈసీ పూర్తి చేసింది. లాసెట్ రాయమంటే వద్దంటోంది. పిల్లల కోసం చారిత్రక కథలు రాస్తుందట. కాకతీయుల కాలం మీద రాసిన ఒక కథ పంపుతున్నాను. దీంట్లో భవిష్యత్తు ఉందా? – ఒక తండ్రి, సూర్యాపేట

సార్, ముందు చేదు మాట చెప్పేస్తా. తెలుగులో పిల్లల కథలు రాసి ఆ డబ్బుతోనే ఇల్లు గడపడం కష్టం. సాహిత్య అకాడమీ 2010 నుంచి ఇస్తున్న బాల సాహిత్య పురస్కారం కూడా 50,000 రూపాయలే, అదీ ఏడాదికి ఒక భాషలో ఒక్కరికి. రాయడం ఉద్యోగం పక్కన నడిచే పని అని మీ ఇద్దరూ ఒప్పుకుంటే ఇంట్లో సగం గొడవ తీరిపోతుంది.

కథ చదివాను. చదివించే గుణం ఉంది, సంభాషణలు బాగున్నాయి. కానీ రుద్రమదేవి కాలం కుర్రాడు టమాటా పప్పులో పచ్చిమిర్చి నంజుకుని తింటున్నాడు! రుద్రమ మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం 1289 నాటిది, వాస్కోడగామా కాలికట్‌లో దిగింది 1498లో. మిరప, టమాటా, వేరుశనగ అన్నీ అమెరికా ఖండం నుంచి ఆ తర్వాత వచ్చినవే. ఆ కుర్రాడికి కారం కావాలంటే మిరియాలే దిక్కు.

మరి ఏం తినేవారు? కాకతీయుల తర్వాత కాలంలో వచ్చిన క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి పద్యం ఒకటుంది: ఒక్క రూకకి సన్నబియ్యం అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇంత దొరికాక టమాటా దేనికి? అయితే అది తర్వాతి కాలం కావ్యం కాబట్టి అదొక్కటే పట్టుకుని రాయకూడదు, శాసనాలతో సరిచూసుకోవాలి. సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర ముందు చదవమనండి, పాత కావ్యాల్లోంచి జనం తిండి, బట్ట, ఆటలు ఎలా ఏరుకోవాలో అందులో తెలుస్తుంది.

ఇంకోటి, ఆ చందుపట్ల మీకు దూరమేం కాదు, నకిరేకల్ దగ్గరే. ఒక ఆదివారం తీసుకెళ్ళండి. పువ్వుల ముమ్మడి అనే బంటు, రుద్రమదేవికీ సేనాని మల్లికార్జునుడికీ పుణ్యం కలగాలని చేసిన దానం ఆ రాతి మీద ఉంది. ఆ బంటు ఇంట్లో ఒక పిల్ల ఉందనుకుంటే చాలు, కథ మొదలైనట్టే. సముద్రం కథ కావాలంటే బాపట్ల జిల్లాలో మోటుపల్లి ఉంది: పాత రాజులు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు లాక్కునేవారనీ, తాను మాత్రం సుంకం తప్ప ఏమీ ముట్టననీ గణపతిదేవుడు 1244లో అక్కడ శాసనం వేయించాడు. పాఠ్యపుస్తకాల్లో దాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, నాకెప్పుడూ చిరాకే.

ఇక చదువు సంగతి. లా బలవంతం వద్దు. దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు) ఆప్షన్లు పెట్టేటప్పుడు బీఏలో చరిత్ర, తెలుగు రెండూ దొరికే కాలేజీలు చూసుకోండి. తర్వాత ఉస్మానియాలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రం ఎంఏ ఉంది, పాత లిపి చదవడం వస్తే మ్యూజియాలు, పురావస్తు శాఖ వైపు ప్రయత్నించొచ్చు. టెన్షన్ వద్దనుకుంటే బీఈడీ చేసి సోషల్ టీచర్ అయితే జీతం జీతమే, కథ వినిపించడానికి ఎదురుగా పిల్లలూ ఉంటారు. పబ్లిషర్ల దగ్గర ఎడిటింగ్, అనువాదం పనులు కూడా ఉంటాయి కానీ వాటిని పైసంపాదన కిందే లెక్కేసుకోండి. కేంద్రం పీఎం యువ పథకంలో 30 ఏళ్ళ లోపు రచయితలకు ఆరు నెలల పాటు నెలకు 50,000 ఇచ్చారు, తెలుగు కూడా అందులో ఉంది, నోటిఫికేషన్ పడినప్పుడు విషయం ఏమిటో చూసుకుని అప్లై చేయాలి.

ఈలోగా ఆ కథ తిరగరాసి, పక్కింటి ఐదో తరగతి పిల్లలకు చదివి వినిపించి, వాళ్ళు ఎక్కడ ఆవలించారో గుర్తుపెట్టి మళ్ళీ పంపమనండి. పప్పులో మిరియాలు వేయమన్నానని కూడా చెప్పండి.