ట్రీ ఫెర్న్ చిగుళ్లు నల్లబడుతున్నాయి, బతుకుతుందా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది తిరుపతి. రెండేళ్ల కిందట నర్సరీలో ట్రీ ఫెర్న్ కొని, కుండీతో పడమటి బాల్కనీలో పెట్టుకున్నాను. మాను రెండడుగులు ఉంటుంది. ఏప్రిల్ నుంచి ఆకుల కొసలు మాడుతున్నాయి, ఇప్పుడేమో చుట్టచుట్టుకుని వచ్చే కొత్త చిగుళ్లు విచ్చుకోకముందే నల్లబడుతున్నాయి. ఆకుల అడుగున గోధుమరంగు చుక్కలు కనిపిస్తే పురుగేమోనని వేపనూనె కొట్టాను. బలానికని గుప్పెడు డీఏపీ వేశాను. రెండు పూటలా బోరు నీళ్లు పోస్తున్నా తేరుకోవడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు ఆ చుక్కల భయం వదిలేయండి. నడి ఈనెకు రెండు పక్కలా వరసగా, అన్ని ఆకులకీ ఒకేలా ఉంటే అవి పురుగులు కావు. ఫెర్న్‌కి పూలూ గింజలూ ఉండవు కదా, విత్తనం బదులు పనిచేసే స్పోర్ల పొడి ఆ చుక్కల్లోనే తయారవుతుంది. పొలుసు పురుగైతే వరస ఉండదు, కాడల మీద ఎక్కడపడితే అక్కడ అతుక్కుని ఉంటుంది, గోటితో గీరితే ఊడొస్తుంది. వేపనూనె మాత్రం ఇక వద్దు, ఫెర్న్ ఆకు చాలా సున్నితం, నూనె మందు మీద ఎండ పడితే మాడిపోతుంది.

అసలు చూడాల్సింది మాను తల. పెరిగే మొన అక్కడ ఒక్కటే ఉంటుంది. చేతికి గ్లౌజు వేసుకుని (ఆ నూగు కొందరికి దురద పెడుతుంది) మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉంటే చెట్టు బతికే ఉంది. మెత్తగా దిగబడి కుళ్లు వాసన వస్తే, చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది, ఆశ లేదు. నల్లబడ్డ చిగురును కూడా నలపండి, పొడిపొడిగా విరిగితే అది వడగాలి దెబ్బ, చితికి నీళ్లు కారితే కుళ్లు.

మీరు రాసింది చూస్తే నాకు వడగాలి, ఉప్పు రెండూ కలిసినట్టు అనిపిస్తోంది. నర్సరీల్లో ఆస్ట్రేలియన్ ట్రీ ఫెర్న్ అని అమ్మేది క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ తడి అడవుల చెట్టు. దానికి 40 డిగ్రీలు దాటే మన తిరుపతి ఎండలో, సాయంత్రం దాకా కాలే పడమటి గోడ పక్కన, వేళ్లకు ఎన్ని నీళ్లు పోసినా గాలి పొడిగా ఉంటే చిగురు విచ్చుకోదు. ముందు తూర్పు వైపుకో షేడ్ నెట్ కిందకో మార్చండి. పొద్దునా సాయంత్రమూ మానంతా తడపండి, దాని చుట్టూ బొచ్చులా కనిపించేది చాలావరకు వేర్లే.

కుండీ అంచున తెల్లటి పొర పేరుకుందా? అది బోరు నీళ్ల ఉప్పు, దానికి మీ డీఏపీ తోడైంది. కుండీ అడుగున రంధ్రం మూసుకుపోలేదని చూసుకుని, మంచి నీళ్లు కుండీకి రెండింతలు నిదానంగా పోసి కిందికి కారిపోనివ్వండి. ఏసీ నుంచి కారే నీళ్లు పనికొస్తాయి. ఆర్వో మెషిన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం పోయకండి, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. ఆ తర్వాత రెండు పూటలా లెక్క పెట్టుకుని కాకుండా, మట్టిలో వేలు పెట్టి పైతడి ఆరిందనుకున్నప్పుడే పోయండి. మట్టి ఎప్పుడూ బురదగా ఉండి వాసన వస్తుంటే కుండీ మార్చక తప్పదు, నల్లగా మెత్తబడ్డ వేర్లు తీసేసి కొబ్బరి పొట్టు, ఆకు ఎరువు, ముతక ఇసుక కలిపి పెట్టండి.

కొత్త మట్ట ఒకటి పూర్తిగా విచ్చుకునేదాకా ఏ ఎరువూ వద్దు. సగం పచ్చగా ఉన్న మట్టలను కోయకండి, చెట్టుకు తిండి ఇప్పుడు వాటి నుంచే. అరటిచెట్టులా కింద నుంచి మళ్లీ వస్తుందనుకుని మాను తల కోసినవాళ్లు ఉన్నారు, ఆ పని మాత్రం చేయకండమ్మా, దీనికి పక్క పిలకలు రావు.