టెక్ సందేహాలు: క్యాన్సర్ గురించి నెట్‌లో వెతికేటప్పుడు...

సందేహం: మా నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది. అప్పటినుంచి ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నాను. ఒకచోట మందులున్నాయి, భయం లేదంటారు. ఇంకోచోట నెలలే అంటారు. యూట్యూబ్ నిండా కషాయాల వీడియోలు. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఏది నమ్మాలి?

జవాబు: ముందు బయాప్సీ రిపోర్ట్ చేతిలోకి తీసుకోండి. సెర్చ్‌లో ‘ఊపిరితిత్తుల క్యాన్సర్’ అని మాత్రమే కొడితే ఇలా పొంతన లేని సమాధానాలే వస్తాయి, ఎందుకంటే ఆ ఒక్క పేరు కింద చాలా రకాలున్నాయి. నూటికి దాదాపు 85 నాన్ స్మాల్ సెల్ రకానివి, మిగతావాటిలో ఎక్కువ స్మాల్ సెల్. రెండింటికీ వైద్యం వేరు. నాన్ స్మాల్ సెల్‌లోనూ ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే వంటి జన్యు మార్పులుంటే వాటిని గురిచూసి పనిచేసే మాత్రలున్నాయి. పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ క్యాన్సర్ కణాల మీద ఎంత ఉందన్నదాన్ని బట్టి ఇమ్యూనోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌తో పోరాడించే వైద్యం గురించి ఆలోచిస్తారు. కాబట్టి రకం, స్టేజ్, మార్కర్లు (పైన చెప్పిన జన్యు మార్పులు, పీడీ-ఎల్1 వంటివి), ఈ మూడూ కలిపి వెతకండి. మార్కర్ల రిపోర్ట్ ఇంకా రాలేదా? అయితే వైద్యం గురించిన వెతుకులాట అది వచ్చేదాకా ఆపండి. ఇప్పుడు చదివేది మీ నాన్నగారికి వర్తిస్తుందో లేదో మీకు తెలిసే దారి లేదు.

ఇక ఎక్కడ చదవాలంటే, నేనైతే అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ సైట్, క్యాన్సర్ డాట్ గవ్‌తో మొదలుపెట్టమంటాను. ఒకే విషయాన్ని రోగులకు ఒక రకంగా, డాక్టర్లకు ఇంకో రకంగా రెండు పేజీల్లో రాస్తారు. రోగుల పేజీ చదివాకే రెండోదానికి వెళ్లండి. పేజీని ఎప్పుడు సవరించారో కూడా అక్కడే ఉంటుంది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ, క్యాన్సర్ రీసెర్చ్ యూకే సైట్లు కూడా మంచివే. గూగుల్‌లో మీ పదాల తర్వాత ఇంగ్లిష్‌లో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా సైట్ అడ్రస్ కొడితే ఆ ఒక్క సైట్‌లోని పేజీలే వస్తాయి. ప్రకటనల గోల చాలావరకు అక్కడితో పోతుంది.

తేదీ తప్పకుండా చూడండి. ఈ జబ్బు వైద్యం 2015 తర్వాత బాగా మారిపోయింది. నాన్ స్మాల్ సెల్ వైద్యం గురించి రాస్తూ ఇమ్యూనోథెరపీ మాటే ఎత్తని పేజీ కనిపిస్తే మూసేయండి. మీకు నిద్ర లేకుండా చేస్తున్న ‘అయిదేళ్లు బతికేవారి శాతం’ అంకెల సంగతీ ఇదే. అయిదేళ్ల లెక్క తేలాలంటే కనీసం అయిదేళ్ల కిందట జబ్బు బయటపడినవాళ్లనే లెక్కించాలి. కొత్త మందుల ప్రభావం అందులో పూర్తిగా కనిపించదు. పైగా అది ఎందరిదో కలిపి కట్టిన లెక్క. మీ నాన్నగారి సంగతి అది చెప్పలేదు.

కషాయాల వీడియోలు ఒకటి చూస్తే పది వస్తాయి. వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘డోంట్ రికమెండ్ ఛానెల్’ ఎంచుకోండి, వాచ్ హిస్టరీలోంచి కూడా తీసేయండి. కొన్ని మూలికలు క్యాన్సర్ మందుల పనిని దెబ్బతీస్తాయి. ఇప్పటికే ఏదైనా ఇస్తుంటే ఈరోజే డాక్టరుగారికి చెప్పండి, మొహమాటపడొద్దు.

కొత్త వైద్యాలను రోగుల మీద పరీక్షించే ప్రయోగాల జాబితా ఉండే అమెరికా ప్రభుత్వ సైట్ క్లినికల్ ట్రయల్స్ డాట్ గవ్ కూడా మీ కంట పడుతుంది. అందులో నమోదైనంత మాత్రాన ఆ ప్రయోగాన్ని ప్రభుత్వం పరీక్షించి సరేనన్నట్టు కాదు. ‘రిక్రూటింగ్’ (రోగులను చేర్చుకుంటున్నారు) అని ఉన్నవాటిని మాత్రమే ఎంచుకుని, అర్హతల భాగం డాక్టరుగారికి చూపించండి.

సందేహం: అమ్మ రిపోర్ట్‌ని ఏఐ చాట్‌బాట్‌లో పెట్టి అడగొచ్చా?

జవాబు: రిపోర్ట్‌లోని మాటలకు అర్థం చెప్పించుకోవడానికి, డాక్టరుని అడగాల్సిన ప్రశ్నలు రాసుకోవడానికి వాడుకోండి. ఏ మందు వాడాలి, ఎంత డోసు అన్నవి మాత్రం దాన్ని అడగొద్దు. పేరు, ఫోన్ నంబరు, ఆసుపత్రి నంబరు ఉన్న పైభాగం క్రాప్ చేసి మిగతాదే పెట్టండి. అది ఏదైనా అధ్యయనం పేరు చెబితే ఆ శీర్షికను వైద్య పరిశోధన వ్యాసాల సెర్చ్ సైట్ పబ్‌మెడ్‌లో వెతకండి, లేని అధ్యయనాలను కూడా ఉన్నట్టు చెప్పడం చాట్‌బాట్లకు మామూలే. దొరికితే తెరిచి, అది మనుషుల మీద చేసినదా, ఎలుకల మీదా, మీ అమ్మగారి రకం క్యాన్సర్ గురించేనా అన్నది చూడండి.