పాలు చాలడం లేదని ఎవరన్నారు?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కాన్పుకి పుట్టింటికి వచ్చాను. బాబుకు 38 రోజులు. మా వారు కువైట్‌లో ఉంటారు. వారం నుంచి సాయంత్రమైతే చాలు, బాబు రొమ్ము వదలడు, వదిలితే ఏడుపు. పంపుతో తీసి చూస్తే 30 మిల్లీలీటర్లు కూడా రాలేదు. రొమ్ములు మునుపటిలా బరువుగానూ ఉండటం లేదు. చూడటానికి వచ్చిన మా అత్తయ్య గారు, పాలు చాలక పిల్లాడు ఎండిపోతున్నాడు, డబ్బా పాలు పట్టమంటున్నారు. ఫోన్‌లో మా వారిదీ అదే మాట. బాబు రోజుకు ఏడెనిమిది గుడ్డలు తడుపుతాడు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, 28వ రోజున ఆశా తూస్తే 3.5 ఉన్నాడు. పథ్యమని నాకు మంచినీళ్లు కూడా లెక్కగా ఇస్తున్నారు. నా ఒంటి మీద నాకే నమ్మకం పోయింది.

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. రోజుకు ఆరు గుడ్డలకు తగ్గకుండా తడిపే బిడ్డకు పాలు అందుతున్నట్టే. ఈ వయసులో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే చాలు. మీవాడు నెల తిరక్కుండానే 600 గ్రాములు పెరిగాడు. ఎండిపోయే పిల్లాడు అలా పెరగడు.

రొమ్ము మెత్తబడిందని భయపడకండి. మొదట్లో బిడ్డకు ఎంత కావాలో తెలియక ఒళ్లు ఎక్కువే తయారుచేస్తుంది. నెలా నెలన్నరకు లెక్క కుదిరి, తాగినంత తయారుచేయడం నేర్చుకుంటుంది. పంపును చూసి కంగారు పడటం మరీ అనవసరం. బిడ్డ చప్పరించినట్టు పంపు లాగలేదు. పైగా పక్కన నలుగురు నిలబడి సీసా వంక చూస్తుంటే ఆ టెన్షన్‌కి వచ్చే పాలు కూడా కాసేపు ఆగుతాయి.

ఇక సాయంత్రం ఏడుపు. చాలామంది పిల్లలు మిగతా రోజులకంటే ఆరో వారం దగ్గరే ఎక్కువ ఏడుస్తారు, సందెవేళ మరీ. ఆ గంటల్లో మాటిమాటికీ తాగడం వాడు మీ ఒంటికి పెట్టే ఆర్డరు. అప్పుడు డబ్బా పాలు పట్టారనుకోండి, వాడు నిద్రపోతాడు, మీ పాలు రొమ్ములోనే నిలిచిపోతాయి. నిలిచిన పాలు ‘ఇక తగ్గించు’ అని ఒంటికి చెబుతాయి. నాలుగు రోజులకు నిజంగానే పాలు తగ్గుతాయి, అప్పుడు అత్తయ్య గారి మాటే నిజమవుతుంది! రాత్రి పాలు మానకండి. పాలు తయారుచేసే హార్మోను రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది.

నాకు కోపం వచ్చింది మాత్రం నీళ్ల సంగతికి. బిడ్డ నోరు పెట్టగానే మీకు నాలుక పిడచకట్టుకుపోతుంది కదా? ఒళ్లు అడుగుతున్నది అదే. చుట్టూ గోదావరి కాలువలు పారే ఊళ్లో బాలింత దాహంతో కూర్చోవడమేమిటి? దాహమైనప్పుడల్లా తాగండి, పాలిచ్చేటప్పుడు పక్కన చెంబు పెట్టుకోండి. బాలింత కారం, సొరపిట్టు ఇష్టమైతే హాయిగా తినండి, కానీ పథ్యం పేరుతో కూరలూ పప్పూ మానేయకండి. బాబుకు మాత్రం ఆరు నెలల దాకా నీళ్లు పట్టొద్దు, ఎంత ఉక్కపోతైనా సరే. తల్లిపాలలో నూటికి 87 వంతులు నీళ్లే. తేనె అయితే ఏడాది నిండే దాకా నాకించనే వద్దు.

అత్తయ్య గారితో వాదన పెట్టుకోకండి. ఆవిడకు పని అప్పగించండి. నూనె రాసి స్నానం చేయించడం, పాలు తాగాక భుజాన వేసుకుని తిప్పడం ఆవిడ చేస్తే మీకు గంట నిద్ర దొరుకుతుంది. మీ వారికి రోజూ ఏడుపు వినిపించే బదులు తూకం రాసిన కార్డు ఫొటో పంపండి. అంత దూరాన ఉన్న మనిషికి ఏడుపొక్కటే వినిపిస్తుంది మరి.

ఒంటిని నమ్మమన్నాను కదా అని కళ్లు మూసుకోమనడం లేదు. గుడ్డలు తడపడం తగ్గినా, లేపినా తాగకుండా మగతగా ఉన్నా, ఒళ్లు కాలినా ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి. మీకే రెండు వారాలు దాటి దిగులు వదలకపోతే డాక్టరుకు చెప్పండి, లేదా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బు తీసుకోరు. 42వ రోజున ఆశా మళ్లీ రావాలి. అత్తయ్య గారిని అప్పటిదాకా ఉండమని, తూకం ఆవిడ కళ్లముందే వేయించండి.