నక్షత్రం గీయమంటే పంచభుజి గీస్తున్న తాబేలు

ప్రశ్న: పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో, తెర మీద తాబేలును నడిపిస్తూ బొమ్మలు గీసే టర్టిల్ మాడ్యూల్‌తో ఐదు మొనల నక్షత్రం గీయాలని 360ని 5తో భాగించి, ప్రతి మలుపులోనూ 72 డిగ్రీలు తిప్పితే పంచభుజి వస్తోంది. పొరపాటు ఎక్కడుంది? అలాగే గీతలను మళ్లీమళ్లీ చిన్న గీతలుగా విడదీస్తూ గీసే మంచుపలుకు ఆకారం కోచ్ స్నోఫ్లేక్‌ను ఆరో స్థాయిలో గీయడానికి చాలాసేపు పడుతోంది. కొత్త కంప్యూటర్ కొనాలా?

జవాబు: మీ భాగాహారం సరైనదే, కాకపోతే అది పంచభుజి లెక్క. లోగో అనే పాత ప్రోగ్రామింగ్ భాష నుంచి పైథాన్ అందిపుచ్చుకున్న ఈ తాబేలుకు బొమ్మ మొత్తం ఎలా ఉండాలో తెలియదు. ఎంత దూరం నడవాలో, ఎంత తిరగాలో మాత్రమే తెలుసు. అది బయలుదేరిన చోటికి, బయలుదేరిన దిశలోనే తిరిగి చేరాలంటే తిరిగిన కోణాల మొత్తం 360కి గుణిజం కావాలి. పంచభుజికి ఒక చుట్టు చాలు. నక్షత్రంలో గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్తాయి కనుక తాబేలు రెండు చుట్లు తిరుగుతుంది. అంటే 720ని 5తో భాగించగా వచ్చే 144 డిగ్రీలే మీకు కావలసిన కోణం.

ఏడు మొనలకు రెండు చుట్లయినా, మూడు చుట్లయినా ఫరవాలేదు; మూడు చుట్లయితే మొనలు మరింత వాడిగా వస్తాయి. అక్కడ 102.86 అని టైపు చేయకుండా 720/7 అనే రాయండి, లేకపోతే చివరి గీత మొదటి బిందువును సరిగ్గా తాకదు. ఆరు మొనల దగ్గర మాత్రం ఈ ఉపాయం చిత్తవుతుంది. 720ని 6తో భాగిస్తే 120 వస్తుంది. 6కూ 2కూ ఉమ్మడి కారణాంకం ఉండటంతో తాబేలు ఒకే త్రిభుజం మీద రెండుసార్లు నడిచి ఊరుకుంటుంది. కాబట్టి మధ్యలో పెన్ను ఎత్తి, రెండు త్రిభుజాలను విడివిడిగా గీయవలసిందే.

ఇక కంప్యూటర్ కొనకండి. 1904లో స్వీడన్ గణితవేత్త హెల్గే వాన్ కోచ్ వర్ణించిన ఆ వక్రరేఖలో ప్రతి స్థాయిలోనూ ఒక్కో గీత మూడో వంతు పొడవున్న నాలుగు గీతలవుతుంది. మూడు భుజాలతో మొదలైన బొమ్మ ఆరో స్థాయికి 12,288 గీతలకు చేరుతుంది, తాబేలు ఒక్కొక్కదాన్నీ కదిలి చూపిస్తూ గీస్తుంది. గీయడానికి ముందు, కదలిక చూపించడాన్ని నియంత్రించే ట్రేసర్ విలువను 0 చేసి, గీయడం పూర్తయ్యాక తెరను తాజాపరిచే అప్‌డేట్‌ను పిలిస్తే ఆ నడకంతా తప్పి బొమ్మ ఒక్కసారిగా కనిపిస్తుంది. అప్‌డేట్ మరిస్తే తెర ఖాళీగానే ఉండిపోవచ్చు. అసలు భుజం పొడవు 600 పిక్సెళ్లయితే ఆరో స్థాయిలో ఒక్కో గీత పిక్సెల్ కంటే చిన్నది, కంటికి ఆనదు. తెర మీద చూడటానికే అయితే ఐదో స్థాయిలో ఆపండి.