ఎమ్మారైలో గడ్డ కనపడకపోతే సిరల పరీక్ష ఎందుకు?

గుంటూరులో తీయించిన ఎమ్మారైలో అక్కకి పిట్యూటరీలో (మెదడు కింద ఉండే చిన్న హార్మోను గ్రంథి) గడ్డేమీ కనపడలేదు, అయినా విజయవాడ డాక్టరుగారు గజ్జ దగ్గర్నుంచి తల వైపు ట్యూబు పంపాలంటున్నారు, అవసరమా అని కదా మీ టెన్షన్. రక్తపరీక్షల్లో కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ హార్మోను ఎక్కువైపోయే జబ్బు) అని తేలి, ఆ కార్టిసాల్‌ని తయారు చేయించే ఏసీటీహెచ్ అనే హార్మోను కూడా తగ్గకుండా ఉంటే అవసరమేనండి.

పిట్యూటరీకి అటూ ఇటూ కావెర్నస్ సైనస్ అనే సిరల గూళ్లుంటాయి. సీటీ, ఎమ్మారై రాకముందు నుదుటి సిరలోకి, సిరలు ఎక్స్‌రేలో కనపడేలా చేసే కాంట్రాస్ట్ మందు ఎక్కించి ఎక్స్‌రే తీసేవాళ్లు. ఆ మందు కంటి వెనక సిర మీదుగా ఈ గూళ్లలోకి చేరాలి, ఒక పక్క నిండకపోయినా, పక్కకి జరిగినట్టున్నా గడ్డ అటు పెరుగుతోందేమోనని అనుమానించేవాళ్లు. ఇప్పుడు ఆ పని ఎమ్మారైదే.

కానీ కుషింగ్స్‌లో గడ్డ రెండు మూడు మిల్లీమీటర్లే ఉండి స్కాన్‌కి దొరక్కపోవచ్చు. అందుకే ఈ గూళ్ల నుంచి రక్తం దిగే సిరల్లోకి రెండు వైపులా సన్నటి ట్యూబులు పంపి, కాంట్రాస్ట్‌తో అవి సరైన చోటే ఉన్నాయని చూసుకుని, పిట్యూటరీ నుంచి దిగే రక్తాన్నీ చేతి రక్తాన్నీ ఒకేసారి తీస్తారు. అక్కడి ఏసీటీహెచ్ చేతిలోకన్నా కనీసం 2 రెట్లు, సీఆర్‌హెచ్ (పిట్యూటరీ చేత ఏసీటీహెచ్ విడుదల చేయించే హార్మోను) ఇంజెక్షన్ తర్వాత 3 రెట్లు ఉంటే మూలం పిట్యూటరీయే. లేకపోతే ఊపిరితిత్తుల్లాంటి చోట్ల వెతకాలి. గడ్డ ఎడమనా కుడినా అన్నది మాత్రం దీంతో గట్టిగా చెప్పలేరు. చేయి తిరిగినవాళ్లు చేయాల్సిన పరీక్ష ఇది, ఇలాంటివి తరచూ చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు ఉన్నచోటే చేయించండి.