క్లెయిమ్, ఎవిడెన్స్ బట్టీ పట్టించకండి, అర్జీ రాయించండి

తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయికి ఇంగ్లీషు నాన్ ఫిక్షన్ పాఠాల్లో క్లెయిమ్, ఎవిడెన్స్, కౌంటర్‌క్లెయిమ్, టోన్, బయాస్ ఎంత చెప్పినా ఎక్కడం లేదన్నారు. గైడు అటకెక్కించి అర్జీ ఒకటి రాయించండి. ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ట్యూషన్ పిల్లలకి నేను చేసే పని అదే.

మా వీధి చివర కాలువ మీద పలక విరిగింది. పిల్లలు దూకి బడికెళ్ళేవారు. ఒకమ్మాయి అర్జీ రాసుకొచ్చింది: "అధికారుల నిర్లక్ష్యం పరాకాష్ఠకు చేరింది, ప్రజలు నరకయాతన పడుతున్నారు." అచ్చం టీవీ భాష. పక్కింటి మావయ్యగారు ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. చదివి, "బాగానే తిట్టావమ్మా. ఇంతకీ నీకు కావలిసిందేటి?" అన్నారు. చూస్తే కాగితం మొత్తంలో పలక వెయ్యమన్న మాటే లేదు! ఆ అసలు మాటే క్లెయిమ్, అంటే మనం ఒప్పించాలనుకునేది.

"చాలామంది పడిపోయారు" అన్న చోట ఎర్ర పెన్నుతో గీత పెట్టి, "ఎవరు? ఎప్పుడు?" అన్నారు. ఆ పిల్ల ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకొచ్చింది, మోకాలికి కట్టు కట్టించుకున్న మామ్మగారితో సహా. అది ఎవిడెన్స్, అంటే రుజువు. ఆయన అంతటితో వదల్లేదు. "వానలు తగ్గాక కాలువంతా ఒకేసారి బాగుచేస్తాం అంటారు. అప్పుడేటి చెప్తావ్?" ఎదుటివాళ్ళు చెప్పే ఆ అడ్డుమాటే కౌంటర్‌క్లెయిమ్. కాసేపు పెన్ను కొరికి ఇలా రాసింది: "కాలువ పని వానలయ్యాకే కుదురుతుందని మాకూ తెలుసు. ఇప్పుడు అడుగుతున్నది ఒక్క పలకే." నన్నడిగితే పాఠం మొత్తం ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. చివర్లో "నిర్లక్ష్యం" కొట్టేయించారు. అది టోన్, అంటే మాట తీరు. పని చేసిపెట్టాల్సిన వాళ్ళని మొదటి లైన్లోనే తిడితే రెండో లైను ఎవడు చదువుతాడు?

తర్వాత దాన్ని ఒడియాలో రాయించడానికి మళ్ళీ ఒకరి కాళ్ళు పట్టుకోవాలి. గడగడా మాట్లాడతాం, రాయమంటే చేతులెత్తేస్తాం. సరే, ఆ గోల వేరు. పలక పడిందా అంటే పడింది. ఎన్నికలొచ్చాయి కాబట్టి పడిందని కొందరంటారు. అర్జీ వల్లే అని నేనంటాను.

ఎదుటివాడి మాటకి జవాబు చెప్పడమెలాగో మా ఊరికి ఒకరు నేర్పక్కర్లేదు. గిడుగు రామ్మూర్తి పంతులుగారు ఇక్కడే పాఠాలు చెప్పారు. వాడుక రూపాలు తప్పులన్న పండితులకి ఆయన పాత పుస్తకాల్లోంచే అలాంటి రూపాలు ఏరి చూపించారు. 1919లో 'తెలుగు' పత్రిక ఇక్కణ్ణుంచే నడిపారు. 1936లో ఊరు ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఏటా ఆగస్టు 29న ఫొటోకి దండ వేసి తెలుగు తేనెలొలుకుతుందని ఉపన్యాసాలిస్తారు. ఆయన ఎలా వాదించారో ఒక్కరూ చెప్పరు, ఒళ్ళు మండుతుంది.

బయాస్‌కి, అంటే ఒక పక్కకి మొగ్గి రాయడానికి, కొటియా ఊళ్ళ గొడవ చాలు. ఆంధ్రా, ఒడిశా రెండూ మావేననే 21 ఊళ్ళ మీద తెలుగు పేపరు వార్త, ఒడియా పేపరు వార్త పక్కపక్కన పెట్టి చదివించండి. ఎవరి గుమ్మంలోకి ఎవరు చొరబడ్డారన్నది పేపరుని బట్టి మారుతుంది.

మీ అమ్మాయికి కాలువలూ పలకలూ పట్టవంటారా? కొత్త ఫోను కావాలని మీకే అర్జీ రాయమనండి. మీరేం అడ్డు చెప్తారో తనకి ఇప్పటికే కంఠతా వచ్చి ఉంటుంది.